ఆన్‌లైన్ సంగీత దుకాణాల మధ్య పోటీ

అంతర్జాలం ద్వారా పాటలను ఒక్కొక్కటిగా గానీ, ఆల్బములుగా గానీ డౌన్‌లోడ్ రూపంలో అమ్మే సంస్థలను ఆన్‌లైన్ సంగీత దుకాణాలు అంటారు. ఈ దుకాణాల మధ్య పోటీ ప్రధానంగా 2003 నుండి 2009 వరకు అమెరికా సంయుక్త రాష్ట్రాలలోను, ఐరోపాలోను తీవ్రంగా సాగింది. ఆపిల్ సంస్థకు చెందిన ఐట్యూన్స్ స్టోర్ ఈ కాలమంతటా అగ్రస్థానంలో నిలిచింది. రియల్‌నెట్‌వర్క్స్, నాప్‌స్టర్, మైక్రోసాఫ్ట్, సోనీ, యాహూ, వాల్‌మార్ట్, అమెజాన్ మొదలైన సంస్థలు దానితో పోటీపడ్డాయి.

ఈ పోటీలో ధరల కంటే ఫైళ్ళకు వేసిన సాంకేతిక తాళాలే ఎక్కువ పాత్ర వహించాయి. ఒక దుకాణంలో కొన్న పాట మరొక సంస్థ తయారుచేసిన పరికరంలో పలికేది కాదు. అందువలన దుకాణాల సంఖ్య ఎక్కువగా ఉన్నప్పటికీ, మొదటి కొనుగోలు జరిగిన తరువాత వినియోగదారునికి మిగిలే ఎంపిక పరిమితంగా ఉండేది. 2007-2009 మధ్య తాళాలు తొలగిన తరువాతనే ఏ దుకాణంలోనైనా కొని, ఏ పరికరంలోనైనా వినే వీలు కలిగింది.

నేపథ్యం

1990వ దశకం చివరిలో ఎంపీ3 ఫైళ్ళు వ్యాప్తిలోకి రావడంతో పాటలను అంతర్జాలంలో పంచుకోవడం సులభమైంది. 1999లో ప్రారంభమైన నాప్‌స్టర్ ద్వారా లక్షలాది మంది పాటలను ఉచితంగా ఇచ్చిపుచ్చుకున్నారు. రికార్డు సంస్థలు వేసిన వ్యాజ్యం ఫలితంగా 2001 జూలైలో ఆ సేవ నిలిచిపోయింది. తరువాత ఆ పేరును రాక్సియో అనే సంస్థ కొని, 2003 అక్టోబరులో చట్టబద్ధమైన దుకాణంగా తిరిగి ప్రారంభించింది.

2001 డిసెంబరులో రికార్డు సంస్థలే స్వయంగా రెండు సేవలను ప్రారంభించాయి. సోనీ, యూనివర్సల్ కలిసి ప్రెస్‌ప్లేను, వార్నర్, బీఎంజీ, ఈఎంఐలు రియల్‌నెట్‌వర్క్స్‌తో కలిసి మ్యూజిక్‌నెట్‌ను నెలకొల్పాయి. ఇవి నెలసరి చందా పద్ధతిలో పనిచేసేవి. చందా ఆపివేస్తే దించుకున్న పాటలు పలకడం మానేసేవి. పైగా మొదట్లో ఒక సేవలో ఉన్న పెద్ద సంస్థల పాటలు చాలావరకు మరొకదానిలో లభించేవి కావు. అన్ని రకాల పాటలు కావలసినవారు రెండింటికీ చందా కట్టవలసి వచ్చేది. ఈ రెండు సేవలూ ప్రజాదరణ పొందలేదు.

ఐట్యూన్స్ స్టోర్ ప్రవేశం

ఆపిల్ సంస్థ 2001 అక్టోబరులో ఐపాడ్ అనే చేతి పరికరాన్ని విడుదల చేసింది. 2003 ఏప్రిల్ 28న ఐట్యూన్స్ మ్యూజిక్ స్టోర్‌ను ప్రారంభించింది. అప్పటి ఐదు పెద్ద రికార్డు సంస్థలకు చెందిన సుమారు 2 లక్షల పాటలు అందులో ఉండేవి. ఏ పాటైనా ధర 99 సెంట్లు. చందా అవసరం లేదు. ఆల్బము మొత్తం కొనకుండా కావలసిన ఒక్క పాటను మాత్రమే కొనుక్కోవచ్చు. మొదటి వారంలోనే 10 లక్షల పాటలు అమ్ముడయ్యాయి.

ప్రారంభంలో ఈ దుకాణం ఆపిల్ వారి మ్యాకింటోష్ కంప్యూటర్లకే పరిమితం. 2003 అక్టోబరులో విండోస్ కంప్యూటర్లకు కూడా విస్తరించింది. 2004 జూన్‌లో బ్రిటన్, ఫ్రాన్స్, జర్మనీ దేశాలలో ప్రారంభమైంది. 2008 నాటికి అమెరికాలో సీడీ అంగళ్ళను కూడా దాటి అతి పెద్ద సంగీత విక్రేతగా నిలిచింది. 2010 ఫిబ్రవరిలో ఈ దుకాణం అమ్మిన పాటల సంఖ్య 1,000 కోట్లకు చేరింది.

99 సెంట్లలో సుమారు మూడింట రెండు వంతులు రికార్డు సంస్థకు చేరేవి. మిగిలిన దానిలోనుండి కార్డు చెల్లింపుల రుసుము, నిర్వహణ ఖర్చులు పోగా ఆపిల్‌కు మిగిలే లాభం స్వల్పం. పాటల దుకాణం ఐపాడ్ అమ్మకాలకు తోడ్పడేది, అసలు ఆదాయం పరికరం మీదనే వచ్చేది. పరికరం లేకుండా పాటలు మాత్రమే అమ్మే సంస్థలకు ఈ వెసులుబాటు లేదు.

ప్రధాన పోటీదారులు

2003-2008 మధ్య అమెరికాలో పనిచేసిన కొన్ని ముఖ్యమైన దుకాణాలు:

- నాప్‌స్టర్: పాటకు 99 సెంట్లు, లేదా నెలసరి చందా. మైక్రోసాఫ్ట్ వారి డబ్ల్యూఎంఏ రూపం.
- వాల్‌మార్ట్: పాటకు 88 సెంట్లు. మొదట డబ్ల్యూఎంఏ రూపం, 2007 నుండి ఎంపీ3.
- సోనీ కనెక్ట్: 2004 మేలో ప్రారంభం. సోనీ సొంత రూపమైన ఏట్రాక్. 2008 మార్చిలో ఉత్తర అమెరికాలో మూతపడింది.
- ఎంఎస్‌ఎన్ మ్యూజిక్: మైక్రోసాఫ్ట్ సంస్థది. 2004లో ప్రారంభమై 2006 నవంబరులో అమ్మకాలు నిలిపివేసింది.
- రియల్‌ప్లేయర్ మ్యూజిక్ స్టోర్: రియల్‌నెట్‌వర్క్స్ సంస్థది. 2004 జనవరిలో ప్రారంభమైంది.
- ఈమ్యూజిక్: 1998లో ప్రారంభం. స్వతంత్ర రికార్డు సంస్థల పాటలను తాళం లేని ఎంపీ3 రూపంలో చందా పద్ధతిలో అమ్మేది. పెద్ద సంస్థల పాటలు 2009 వరకు ఇందులో లేవు.
- అమెజాన్ ఎంపీ3: 2007 సెప్టెంబరు 25న ప్రారంభం. తాళం లేని ఎంపీ3 రూపం.

డిజిటల్ తాళాలు

పాటలను యథేచ్ఛగా నకలు చేయకుండా ఆపడానికి రికార్డు సంస్థలు కోరిన సాంకేతిక ఏర్పాటును డిజిటల్ హక్కుల నిర్వహణ అంటారు. దీనినే క్లుప్తంగా డీఆర్ఎం అని వ్యవహరిస్తారు. ఇందులో పాట ఫైలును గూఢలిపిలోకి మారుస్తారు. దానిని తెరిచే తాళంచెవి కొనుగోలుదారుని ఖాతాకు, అనుమతించిన కంప్యూటర్లకు మాత్రమే అందుతుంది.

ఆపిల్ వాడిన తాళం పేరు ఫెయిర్‌ప్లే. ఐట్యూన్స్‌లో కొన్న పాటను మొదట 3 కంప్యూటర్లలో, 2004 నుండి 5 కంప్యూటర్లలో వినవచ్చు. చేతి పరికరాల విషయంలో మాత్రం దాదాపుగా ఐపాడ్ ఒక్కటే దిక్కు. ఫెయిర్‌ప్లేను ఆపిల్ ఇతర పరికరాల తయారీదారులకు గానీ, ఇతర దుకాణాలకు గానీ సాధారణంగా అనుమతి మీద ఇవ్వలేదు. మరొక పక్క మైక్రోసాఫ్ట్ 2004లో ప్లేస్‌ఫర్‌ష్యూర్ అనే ముద్రను ప్రవేశపెట్టింది. ఆ ముద్ర ఉన్న దుకాణాల పాటలు ఆ ముద్ర ఉన్న అనేక కంపెనీల పరికరాలలో పలికేవి, కానీ ఐపాడ్‌లో పలికేవి కావు. 2006 నవంబరులో మైక్రోసాఫ్ట్ విడుదల చేసిన సొంత పరికరం జూన్ కూడా ప్లేస్‌ఫర్‌ష్యూర్ పాటలను స్వీకరించలేదు.

దీని వలన కలిగే చిక్కును ఒక ఉదాహరణతో గ్రహించవచ్చు. ఒక వ్యక్తి 99 సెంట్ల చొప్పున 200 పాటలు కొంటే అతడు 198 డాలర్లు ఖర్చు చేసినట్లు. తరువాత అతడు వేరే కంపెనీ పరికరానికి మారదలిస్తే ఆ పాటలను తిరిగి కొనాలి, లేదా ఆడియో సీడీగా మార్చి మళ్ళీ కంప్యూటరులోకి ఎక్కించుకోవాలి. రెండవ పద్ధతిలో శ్రమతో పాటు ధ్వని నాణ్యత కూడా కొంత తగ్గుతుంది. కొన్న పాటల సంఖ్య పెరిగినకొద్దీ మారడానికి అయ్యే ఖర్చు పెరుగుతుంది. అర్థశాస్త్రంలో దీనిని మార్పిడి వ్యయం అంటారు.

ఈ వాదనకు ఎదురు వాదన కూడా ఉంది. ఆపిల్ అధినేత స్టీవ్ జాబ్స్ 2007 ఫిబ్రవరిలో ప్రచురించిన బహిరంగ లేఖలో, అమ్మిన ఐపాడ్‌లకూ అమ్మిన పాటలకూ లెక్క కట్టి, ఒక్కొక్క ఐపాడ్‌కు సగటున 22 పాటలు మాత్రమే ఐట్యూన్స్‌లో కొన్నవని తెలిపారు. మిగిలినవి సీడీల నుండి, ఇతర మార్గాల నుండి వచ్చినవి గనుక వినియోగదారులు బందీలు కారని ఆయన వాదన. అయితే సగటు లెక్క తక్కువగా ఉన్నంత మాత్రాన ఎక్కువ పాటలు కొన్నవారి ఇబ్బంది తొలగిపోదని విమర్శకులు బదులిచ్చారు.

హార్మనీ వివాదం

రియల్‌నెట్‌వర్క్స్ సంస్థ 2004 జూలైలో హార్మనీ అనే సాంకేతికతను ప్రకటించింది. ఆపిల్ అనుమతి లేకుండానే, తమ దుకాణంలో కొన్న పాటలను ఐపాడ్‌లో పలికించగల ఏర్పాటు ఇది. ఆపిల్ దీనిని తీవ్రంగా ఖండించింది. చట్టపరమైన చర్యలను పరిశీలిస్తామని, రాబోయే ఐపాడ్ సాఫ్ట్‌వేర్లలో ఈ పాటలు పలకకపోవచ్చని హెచ్చరించింది.

2004 ఆగస్టులో రియల్‌నెట్‌వర్క్స్ కొద్ది కాలంపాటు పాట ధరను 49 సెంట్లకు, అధిక భాగం ఆల్బముల ధరను 4.99 డాలర్లకు తగ్గించింది. దానితోపాటు సంగీతంలో ఎంపిక స్వేచ్ఛ కావాలంటూ ఒక ప్రచారం చేపట్టి, ఐపాడ్‌ను ఇతర దుకాణాలకు తెరవాలని కోరుతూ సంతకాలను ఆహ్వానించింది. దీనికి ఐపాడ్ అభిమానుల నుండి మద్దతు కంటే విమర్శ ఎక్కువగా వచ్చింది. రియల్‌నెట్‌వర్క్స్ అమ్మే పాటలకు కూడా తాళం ఉండడం ఈ ప్రచారంలోని బలహీనత. అది కోరినది తాళం తీయమని కాదు, తన తాళానికి కూడా చోటు ఇవ్వమని. 2004 డిసెంబరు నాటికి ఆపిల్ విడుదల చేసిన సాఫ్ట్‌వేరు మార్పుల వలన కొన్ని ఐపాడ్‌లలో హార్మనీ పాటలు పలకడం ఆగిపోయింది. ఆ పాటలు కొనుక్కున్నవారికి ఈ విషయంలో చేయగలిగినది ఏమీ లేకపోయింది.

ఐరోపాలో ఫిర్యాదులు, చట్టాలు

ఫ్రాన్స్: ఫెయిర్‌ప్లేను తమకు అనుమతి మీద ఇవ్వాలని వర్జిన్‌మెగా అనే ఫ్రెంచి దుకాణం అక్కడి పోటీ వ్యవహారాల మండలికి ఫిర్యాదు చేసింది. పాటలను సీడీగా మార్చి ఐపాడ్‌లోకి ఎక్కించే మార్గం ఉన్నది గనుక ఫెయిర్‌ప్లే ఇతరుల వ్యాపారానికి అనివార్యం కాదని భావించి, 2004 నవంబరులో మండలి ఫిర్యాదును తోసిపుచ్చింది. 2006 ఆగస్టులో అమలులోకి వచ్చిన కొత్త కాపీహక్కు చట్టం, వేర్వేరు వ్యవస్థలు కలిసి పనిచేసేటట్లు చూడడానికి ఒక నియంత్రణ సంస్థను ఏర్పాటు చేసింది. తొలి ముసాయిదాలోని కఠినమైన నిబంధనలు మాత్రం తుది చట్టం నాటికి సడలిపోయాయి.

నార్వే: వినియోగదారుల మండలి 2006 జనవరిలో ఐట్యూన్స్ అమ్మకపు షరతులపై ఫిర్యాదు చేసింది. కొన్న వస్తువును ఏ పరికరంలో వాడుకోవాలో అమ్మినవాడు నిర్ణయించడం అన్యాయమని ఫిర్యాదు సారాంశం. వినియోగదారుల అంబుడ్స్‌మన్ ఈ వాదనతో ఏకీభవించాడు. 2009లో ఆపిల్ తాళాలు తొలగించిన తరువాత ఈ వ్యవహారం ముగిసింది.

బ్రిటన్: ఇక్కడ సమస్య తాళం కాదు, ధర. ఐట్యూన్స్‌లో పాట ధర బ్రిటన్‌లో 79 పెన్నీలు, ఫ్రాన్స్, జర్మనీలలో 99 యూరో సెంట్లు ఉండేది. అప్పటి మారకం రేటు ప్రకారం బ్రిటిష్ కొనుగోలుదారులు ఎక్కువ చెల్లించేవారు. కొనేవారి కార్డు ఏ దేశంలో జారీ అయితే ఆ దేశపు దుకాణంలోనే కొనాలనే నిబంధన వలన తక్కువ ధర ఉన్నచోట కొనే వీలు లేదు. విచ్ అనే వినియోగదారుల సంఘం 2004లో దీనిపై ఫిర్యాదు చేసింది. ఐరోపా కమిషన్ విచారణ చేపట్టగా, బ్రిటన్ ధరలను ఇతర దేశాలతో సమానం చేస్తామని 2008 జనవరిలో ఆపిల్ ప్రకటించింది.

మూతపడిన దుకాణాలు

తాళం ఉన్న పాటకు దుకాణం కొనసాగినంత కాలమే పూర్తి విలువ ఉంటుంది. కొత్త కంప్యూటరుకు మారినప్పుడల్లా దుకాణపు సర్వరు నుండి మళ్ళీ అనుమతి తెచ్చుకోవాలి. సర్వరును ఆపివేస్తే ఆ అనుమతి దొరకదు. 2008లో ఈ ప్రమాదం మూడు పెద్ద సంస్థల వినియోగదారులకు ఎదురైంది.

- మైక్రోసాఫ్ట్ తన ఎంఎస్‌ఎన్ మ్యూజిక్ అనుమతి సర్వర్లను 2008 ఆగస్టు 31 తరువాత ఆపివేస్తామని ఏప్రిల్‌లో ప్రకటించింది. నిరసనలు రావడంతో గడువును 2011 చివరి వరకు పొడిగించింది.
- యాహూ తన సంగీత దుకాణాన్ని 2008 సెప్టెంబరు 30న మూసివేసింది. కొనుగోలుదారులకు కూపన్లు లేదా డబ్బు వాపసు ఇస్తామని తెలిపింది.
- వాల్‌మార్ట్ అక్టోబరులో సర్వర్లు ఆపివేస్తామని చెప్పి, విమర్శల తరువాత నిర్ణయాన్ని విరమించుకుంది. 2011 ఆగస్టులో ఆ డౌన్‌లోడ్ దుకాణమే మూతపడింది.

ఈ సంఘటనలలో డబ్బు చెల్లించి కొన్నవారే నష్టానికి గురయ్యే స్థితి ఏర్పడింది. అక్రమంగా ఎంపీ3లను దించుకున్నవారికి ఈ ఇబ్బంది లేదు. తాళాలు చట్టాన్ని పాటించినవారినే శిక్షిస్తున్నాయనే విమర్శకు ఇది బలం చేకూర్చింది.

తాళాల తొలగింపు

తాళాలు కోరినది రికార్డు సంస్థలే అయినా, కాలక్రమంలో వాటి వలన ఎక్కువ బలపడినది ఆపిల్. ఐపాడ్ యజమానులకు తాళంతో కూడిన పాటలు అమ్మగలిగినది ఆపిల్ ఒక్కటే గనుక, ధరల విషయంలో దాని మాటే చెల్లేది. పాటను బట్టి ధర మార్చాలని రికార్డు సంస్థలు కోరినా, ఆపిల్ చాలాకాలం 99 సెంట్ల ఏక ధరకే కట్టుబడింది.

2007 ఏప్రిల్‌లో ఈఎంఐ సంస్థ తాళం లేని పాటలకు అంగీకరించింది. ఆపిల్ వాటిని మే నెలాఖరు నుండి ఐట్యూన్స్ ప్లస్ పేరుతో, మెరుగైన నాణ్యతతో 1.29 డాలర్లకు అమ్మింది. అదే సంవత్సరం సెప్టెంబరులో అమెజాన్ సుమారు 20 లక్షల పాటలతో రంగంలోకి దిగింది. అక్కడ పాట ధర సాధారణంగా 89 నుండి 99 సెంట్లు. ఎంపీ3 రూపం కాబట్టి ఐపాడ్‌తో సహా అన్ని పరికరాలలోను పలికేది. 2008 జనవరి నాటికి నాలుగు పెద్ద సంస్థలూ అమెజాన్‌కు తాళం లేని పాటలు ఇవ్వడానికి అంగీకరించాయి. ఆపిల్‌కు మాత్రం ఆ అవకాశం వెంటనే దక్కలేదు. ఆపిల్ ఆధిపత్యాన్ని తగ్గించడానికే రికార్డు సంస్థలు ఈ తేడా చూపాయని పరిశీలకులు భావించారు.

2009 జనవరిలో ఆపిల్ కూడా అన్ని పాటలను తాళం లేకుండా అమ్ముతామని ప్రకటించింది. అదే సమయంలో ఏక ధర పద్ధతిని వదులుకొని, ఏప్రిల్ నుండి 69 సెంట్లు, 99 సెంట్లు, 1.29 డాలర్లు అనే మూడు ధరలను ప్రవేశపెట్టింది. ఈ విధంగా వినియోగదారునికి పరికరం ఎంచుకునే స్వేచ్ఛ లభించింది, కానీ ప్రజాదరణ గల కొత్త పాటల ధర పెరిగింది.

తాళాలు తొలగిన తరువాత ధరల పోటీ స్పష్టంగా కనిపించింది. ఉదాహరణకు 2011 మేలో లేడీ గాగా ఆల్బము 'బార్న్ దిస్ వే'ను అమెజాన్ విడుదల రోజున 99 సెంట్లకే అమ్మింది. కొనుగోలుదారుల రద్దీకి అమెజాన్ సర్వర్లు నెమ్మదించాయి. అయినప్పటికీ ఐట్యూన్స్ అగ్రస్థానం చెక్కుచెదరలేదు. పరికరంతో పాటే అమర్చి ఉన్న దుకాణంలో కొనడానికి వినియోగదారులు అప్పటికే అలవాటుపడి ఉండడం ఇందుకు ఒక కారణంగా చెబుతారు.

న్యాయస్థాన తీర్పు

ఐపాడ్ కొనుగోలుదారులు కొందరు 2005లో ఆపిల్‌పై కాలిఫోర్నియాలో సామూహిక వ్యాజ్యం వేశారు. పోటీ దుకాణాల పాటలను అడ్డుకునే సాఫ్ట్‌వేరు మార్పుల వలన ఐపాడ్ ధరలు కృత్రిమంగా పెరిగాయని వారి ఆరోపణ. విచారణ 2014 డిసెంబరులో జరిగింది. 2006 నాటి సాఫ్ట్‌వేరు మార్పులు నిజమైన మెరుగుదలలేనని జ్యూరీ నిర్ణయించి ఆపిల్‌కు అనుకూలంగా తీర్పు ఇచ్చింది. అప్పటికి తాళాలు తొలగి ఐదేళ్ళు దాటింది. సాంకేతిక రంగంలోని పోటీ సమస్యలు న్యాయస్థానంలో తేలేలోపు మార్కెట్టే మారిపోతుందనడానికి దీనిని ఉదాహరణగా చూపుతారు.

భారతదేశంలో

భారతదేశంలో డౌన్‌లోడ్ దుకాణాలు ఆలస్యంగా వచ్చాయి. 2000వ దశకంలో ఇక్కడ డిజిటల్ సంగీత ఆదాయంలో ముఖ్యమైనవి మొబైల్ ఫోన్ల రింగ్‌టోన్లు, కాలర్ ట్యూన్లు. ఫ్లిప్‌కార్ట్ సంస్థ 2012 ఫిబ్రవరిలో ఫ్లైట్ అనే దుకాణాన్ని ప్రారంభించి, తెలుగుతో సహా పలు భారతీయ భాషల పాటలను తాళం లేని ఎంపీ3 రూపంలో అమ్మింది. 2012 డిసెంబరులో ఐట్యూన్స్ స్టోర్ కూడా భారతదేశంలో ప్రారంభమైంది.

ఇక్కడి దుకాణాలకు అసలు పోటీ ఒకదానితో ఒకటి కాదు, అనుమతి లేని ఉచిత డౌన్‌లోడ్‌లతో. తెలుగు సినిమా పాటలు విడుదలైన రోజే అనేక వెబ్‌సైట్లలో ఉచితంగా దొరికేవి. సెల్‌ఫోన్ దుకాణాలలో కొద్ది డబ్బు తీసుకొని మెమరీ కార్డు నిండా పాటలు ఎక్కించి ఇచ్చేవారు. కొద్ది రూపాయల విలువైన పాటకు కార్డు ద్వారా చెల్లించడం కూడా ఆ రోజుల్లో సులభం కాదు. పైరసీ, చిన్న మొత్తాల చెల్లింపుల సమస్యలు తీరనిదే ఈ వ్యాపారం పెరగదని పేర్కొంటూ ఫ్లిప్‌కార్ట్ 2013 జూన్‌లో ఫ్లైట్‌ను మూసివేసింది. పాటలకు తాళం లేకపోవడం వలన, దించుకున్న ఫైళ్ళు దుకాణం మూతపడిన తరువాత కూడా కొన్నవారి వద్ద పనిచేస్తూనే ఉన్నాయి.

స్ట్రీమింగ్ ప్రభావం

అమెరికాలో విడి పాటల డౌన్‌లోడ్ అమ్మకాలు 2012లో శిఖరానికి చేరి, 2013లో తొలిసారిగా తగ్గాయి. స్వీడన్‌లో 2008లో ప్రారంభమైన స్పాటిఫై వంటి స్ట్రీమింగ్ సేవలు ఆ స్థానాన్ని ఆక్రమించాయి. ఆపిల్ కూడా 2015 జూన్‌లో ఆపిల్ మ్యూజిక్ పేరుతో చందా సేవను ప్రారంభించింది. స్పాటిఫై 2019 ఫిబ్రవరిలో భారతదేశానికి వచ్చింది.

స్ట్రీమింగ్‌లో వినియోగదారుడు పాటను కొనడు, చందా ఉన్నంతకాలం వినే అనుమతి మాత్రమే పొందుతాడు. ప్రెస్‌ప్లే కాలంలో ఆదరణ పొందని ఈ పద్ధతి, తక్కువ ధర, విస్తారమైన పాటల సంఖ్య, వేగవంతమైన మొబైల్ అంతర్జాలం వలన విజయవంతమైంది. సేవల మధ్య మారడం ఇప్పుడు సులభమే అయినా, సేవ ఆగిపోతే చేతిలో ఏమీ మిగలదు. ఎయిర్‌టెల్ సంస్థ తన వింక్ మ్యూజిక్ సేవను నిలిపివేస్తున్నట్లు 2024లో ప్రకటించింది. ఇటువంటి సందర్భాలలో దించుకున్న పాటలతో సహా అన్నీ ఆ సేవతోనే ముగుస్తాయి.

వినియోగదారుని ఎంపికను నిర్ణయించే అంశాలు

డౌన్‌లోడ్ దుకాణాల అనుభవం నుండి వినియోగదారుని ఎంపికను ప్రభావితం చేసే అంశాలను ఈ క్రింది విధంగా క్రోడీకరించవచ్చు:

- ఫైలు రూపం: ఎంపీ3 వంటి బహుళ ప్రచారం గల రూపమా, ఒకే సంస్థకు చెందిన రూపమా.
- తాళం: పాటను ఎన్ని పరికరాలలో, ఎంతకాలం వినవచ్చు, అనుమతి ఎవరి చేతిలో ఉన్నది.
- ధర: విడి పాట ధర మాత్రమే కాక, మరొక దుకాణానికి మారితే అయ్యే ఖర్చు.
- పాటల లభ్యత: కావలసిన భాష, కావలసిన రికార్డు సంస్థ పాటలు దొరుకుతాయా లేదా.
- ప్రాంతీయ పరిమితి: తమ దేశంలో జారీ అయిన కార్డుతో కొనగలరా లేదా.
- కొనసాగింపు: దుకాణం మూతపడితే కొన్న పాటల గతి ఏమిటి.

వీటిలో మొదటి రెండింటి ప్రాముఖ్యం కొనుగోలు సమయంలో చాలామందికి తెలియలేదు. పరికరం మార్చినప్పుడో, దుకాణం మూతపడినప్పుడో అది బయటపడింది.